షేక్‌స్పియర్ హాస్య నాటకాలు: ఆధునిక ఇంగ్లీషులో వాటి భాష, హాస్యం

విలియం షేక్‌స్పియర్ హాస్య నాటకాలను తర్వాతి తరాల ఇంగ్లీషులోకి మార్చే పని మూడున్నర శతాబ్దాలుగా ఏదో ఒక రూపంలో సాగుతూనే ఉంది. ఆయన మరణించిన ఏడేళ్లకు, 1623లో అచ్చయిన ఫస్ట్ ఫోలియో సంపుటం 14 నాటకాలను హాస్య నాటకాలుగా వర్గీకరించింది. వాటిని మార్చినవారిలో కొందరు అర్థంకాని మాటలు మార్చడంతోనే సరిపెట్టుకున్నారు. కొందరు మొత్తం నాటకాన్ని వాడుక వచనంలో చెప్పారు. పద్యానికి పద్యం, ప్రాసకు ప్రాస పెట్టి తిరగరాసినవారు ఉన్నారు, కథను మాత్రం ఉంచుకుని సంభాషణలన్నీ కొత్తగా రాసుకున్నవారూ ఉన్నారు. ఈ ప్రయత్నాలను బేరీజు వేసేటప్పుడు సాధారణంగా అడిగేది మూలంలోని అర్థం ఇందులోకి వచ్చిందా అని. విషాద నాటకం విషయంలో ఆ ప్రశ్న కొంతవరకు సరిపోవచ్చు గానీ హాస్యానికి చాలదు. ఛలోక్తి అర్థం పూర్తిగా తెలిశాక కూడా నవ్వు రాకపోవచ్చు. అర్థం తెలియడానికి రెండు క్షణాలు ఆలస్యమైతే ఇక రాదు. మూలంలో నవ్వు ఎక్కడ పుట్టాలో అక్కడే పుట్టిందా, ఎవరి మాటకు పుట్టాలో వారి మాటకే పుట్టిందా, ఆ నవ్వుతో ఇద్దరి మధ్య పైచేయి ఎవరిదో తేలిందా అన్నవే ఆధునిక రూపానికి పెట్టవలసిన పరీక్షలు. ఈ పరీక్షలకు నిలవడానికి అవసరమైతే మాటల అర్థాన్ని వదులుకోవచ్చు. నవ్వును వదులుకుంటే మాత్రం మిగిలేది హాస్య నాటకం కాదు.

భాష ఎంత మారిందన్న దగ్గరే పండితుల మధ్య పెద్ద పేచీ ఉంది. కుమారుడు బెన్ క్రిస్టల్‌తో కలిసి 2002లో షేక్‌స్పియర్ పదకోశాన్ని తెచ్చిన భాషావేత్త డేవిడ్ క్రిస్టల్, నేటి పాఠకుణ్ణి నిజంగా ఇబ్బందిపెట్టే మాటలు నూటికి పది మించవని, మిగతాదంతా మనకు తెలిసిన ఇంగ్లీషేనని అంటారు. అమెరికన్ భాషావేత్త జాన్ మెక్‌వోర్టర్ ఆ పదిని చిన్న సంఖ్య అనుకోరు. ప్రతి పదో మాటకూ తడబడే శ్రోత వాక్యాన్ని పట్టుకోలేడన్నది ఆయన వాదన. పైగా అసలు చిక్కు తెలియని మాటలతో కాదు, తెలిసినట్టే ఉండి మోసం చేసే మాటలతో. ఆ కాలంలో 'ఫాండ్' అంటే తెలివితక్కువ, 'ప్రెజెంట్లీ' అంటే తక్షణమే, 'నాటీ' అంటే దుర్మార్గమైన, 'విట్' అంటే చాలాచోట్ల బుద్ధి, వివేకం. ఇవి వినబడినప్పుడు నేటి శ్రోత తనకు అర్థమైందనే అనుకుంటాడు కాబట్టి అనుమానమైనా రాదు. హాస్య నాటకాలకు వచ్చేసరికి ఈ లెక్కకు ఇంకో మెలిక ఉంది. కష్టమైన మాటలు నాటకమంతటా సమానంగా పరుచుకుని ఉండవు. కథ నడిపే సంభాషణల్లో తక్కువగా, విదూషకులు, సేవకులు మాటకు మాట విసురుకునే చోట గుంపుగా ఉంటాయి. సగటు తీస్తే చిన్నగా కనిపించే అంకె, నవ్వు పుట్టవలసిన పేజీలో చాలా పెద్దదవుతుంది.

అయితే హాస్యమంతా ఒకేలా పాతబడలేదు. సన్నివేశం నుంచి, శరీరం నుంచి, తర్కం నుంచి పుట్టే హాస్యానికి కాలం పెద్దగా హాని చెయ్యలేదు. 1602 ఫిబ్రవరి 2న లండన్‌లోని మిడిల్ టెంపుల్‌లో 'ట్వెల్త్ నైట్' చూసిన న్యాయవిద్యార్థి జాన్ మానింగ్‌హామ్ తన డైరీలో రాసుకున్నది శ్లేషల గురించి కాదు. యజమానురాలు తనను ప్రేమిస్తోందని ఇంటి కార్యస్థుణ్ణి నమ్మించిన దొంగ ఉత్తరం గురించి రాసుకున్నాడు. నాలుగు వందల ఏళ్ల తర్వాత కూడా పసుపు మేజోళ్లు వేసుకుని, బలవంతంగా నవ్వు తెచ్చిపెట్టుకుని ఒలీవియా ముందుకొచ్చే మాల్వోలియోకు ఏ భాషాంతరమూ అక్కర్లేదు. 'ది కామెడీ ఆఫ్ ఎర్రర్స్'లో రెండు జతల కవలలను చూసి ఊరంతా తికమకపడటం, 'ది టూ జెంటిల్‌మెన్ ఆఫ్ వెరోనా'లో లాన్స్ తన కుక్క క్రాబ్‌కు కృతజ్ఞత లేదని వాపోవడం కూడా ఇలాంటివే. 1642 నుంచి 1660 దాకా ఇంగ్లండ్‌లో నాటకశాలలు మూతపడి ఉన్నప్పుడు నటులు 'ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్'లోంచి నేతగాడు బాటమ్ కథను మాత్రం విడదీసి చిన్న ప్రహసనంగా ఆడుకున్నారు, అది 1661లో అచ్చయింది. కవిత్వమంతా పక్కన పెట్టినా ఆ భాగం ఒంటరిగా నిలబడగలిగింది. 'ట్వెల్త్ నైట్' విదూషకుడు ఫెస్టే తన యజమానురాలినే ప్రశ్నలతో చుట్టుముట్టి, చనిపోయి స్వర్గంలో ఉన్న అన్న కోసం ఏడ్చే ఆమే అసలు మూర్ఖురాలని నిరూపించే చోట కూడా మార్చవలసిన మాటలు దాదాపు లేవు. అక్కడ హాస్యం ఉన్నది తర్కపు మెట్లలో.

ఉచ్చారణ మీద ఆధారపడిన హాస్యం సంగతి వేరు. 'మచ్ అడూ అబౌట్ నథింగ్' శీర్షికలోనే ఒక శ్లేష ఉంది. ఆనాటి పలుకుబడిలో 'నథింగ్', గమనించడమనే అర్థమిచ్చే 'నోటింగ్' దాదాపు ఒకేలా వినిపించేవి, ఆ నాటకమంతా చాటునుంచి విని పొరబడటం మీదే నడుస్తుంది. అందులోనే బియాట్రిస్ అసూయతో మొహం ముడుచుకున్న క్లాడియోను నారింజతో పోలుస్తుంది. మర్యాద అనే అర్థమున్న 'సివిల్', పులుపూ తీపీ కలిసిన నారింజలకు పేరుపడ్డ స్పెయిన్ నగరం 'సెవిల్' ఒకే ధ్వనిలో కలిసిపోతేనే ఆ దెబ్బ తగులుతుంది. 'యాజ్ యూ లైక్ ఇట్'లో దీనికంటే స్పష్టమైన సాక్ష్యం ఉంది. విదూషకుడు టచ్‌స్టోన్ జేబు గడియారం చూసి కాలం గురించి తత్వం చెబుతుంటే విని తను గంటసేపు ఆపకుండా నవ్వానని జేక్వీజ్ అంటాడు. నేటి ప్రేక్షకుడికి ఆ తత్వంలో నవ్వదగ్గది ఒక్క మాటా కనిపించదు. గంటకు వాడే 'అవర్' అనే మాట ఆ రోజుల్లో వేశ్యకు వాడే 'హోర్' అనే మాటలాగే వినిపించేదని తెలిస్తే ఆ ప్రసంగం అడుగడుగునా బూతుగా మారుతుంది, జేక్వీజ్ నవ్వుకు కారణం తెలుస్తుంది. 2004లో లండన్ గ్లోబ్ థియేటర్ డేవిడ్ క్రిస్టల్ సాయంతో పాత ఉచ్చారణలో ప్రదర్శనలు మొదలుపెట్టాక ఇలాంటివి మళ్లీ చెవిన పడ్డాయి. కానీ పాత ఉచ్చారణ పండితుడికి ఇచ్చినంత ఆనందం మామూలు శ్రోతకు ఇవ్వలేదు. రెండు మాటలూ ఒకేలా వినిపించినంత మాత్రాన చాలదు, రెండు అర్థాలూ అతని మనసులో ముందే ఉండాలి.

లోకజ్ఞానం మీద ఆధారపడిన హాస్యం ఇంకా త్వరగా చచ్చిపోతుంది. 'కామెడీ ఆఫ్ ఎర్రర్స్'లో తనను మొగుడనుకుని వెంటపడిన లావుపాటి వంటమనిషిని సేవకుడు డ్రోమియో భూగోళంతో పోలుస్తాడు. ఏ దేశం ఆమె ఒంట్లో ఎక్కడుందని యజమాని అడుగుతుంటాడు, ఇతను ఒక్కో అవయవానికీ ఒక్కో దేశాన్ని అంటగడుతుంటాడు. ఫ్రాన్స్ వంతు వచ్చినప్పుడు వారసుడు అనే 'ఎయిర్'కూ జుట్టు అనే 'హెయిర్'కూ మధ్య శ్లేష నడుస్తుంది. 1589 తర్వాత నవార్ రాజు హెన్రీ ఫ్రాన్స్ సింహాసనం కోసం చేసిన యుద్ధం ఆనాటి లండన్‌లో అందరి నోటా ఉన్న వార్త గనుక అది పేలింది. నేడు చరిత్ర విద్యార్థికి తప్ప అందదు. 'ట్వెల్త్ నైట్'లో సర్ ఆండ్రూ చెయ్యి పొడిగా ఉందని మరియా ఎగతాళి చేస్తుంది. తడి అరచెయ్యి కామోద్రేకానికి, పొడి చెయ్యి నిస్సత్తువకు గుర్తని నమ్మిన రోజుల్లో అది మగతనం మీద దెబ్బ, ఇప్పుడు చర్మం గురించి మామూలు మాట. భార్య మోసం చేసిన మగాడి నుదుట కొమ్ములు మొలుస్తాయన్న ఛలోక్తులు దాదాపు ప్రతి హాస్య నాటకంలోనూ ఉన్నాయి, అవన్నీ నేడు పండితుల వివరణకే మిగిలాయి. వీటన్నిటికీ పరాకాష్ఠ 'లవ్స్ లేబర్స్ లాస్ట్'. అందులో పండితమ్మన్యుడు హోలోఫెర్నీజ్ రాసిన కవిత వయసును బట్టి జింకలకు వేటగాళ్లు పెట్టిన పేర్ల మీద, రోమన్ అంకెల్లో యాభైని సూచించే ఎల్ అక్షరం మీద నడుస్తుంది. దాన్ని పేజీ మీద విప్పి చెప్పడానికే ఒక పేరా పడుతుంది. అదే నాటకంలో కోస్టర్డ్ పలికే 'హొనరిఫికాబిలిటూడినిటాటిబస్' అనే లాటిన్ మాటకు మాత్రం నేటికీ నవ్వుతారు, దాని అర్థం తెలియకపోయినా పొడవు వినిపిస్తుంది కాబట్టి.

తెలుగు పాఠకుడు ఇంగ్లీషు పాఠకుడికంటే సులువుగా అందుకోగల చోటు ఒకటుంది. 'ట్వెల్త్ నైట్'లో సర్ టోబీ పిరికివాడైన సర్ ఆండ్రూ చేత సెసారియోకు ద్వంద్వ యుద్ధపు సవాలు రాయిస్తూ, అవతలివాణ్ణి ఏకవచనంలో 'దౌ' అని రెండు మూడుసార్లు సంబోధిస్తే తప్పులేదని నూరిపోస్తాడు. ముఖపరిచయం లేని పెద్దమనిషిని 'నువ్వు' అనడం ఎంత తలపొగరో మనకు వివరించనక్కర్లేదు. ఇంగ్లీషులో ఆ భేదం పోయి చాలాకాలమైంది. పైగా ఎక్కువగా ప్రార్థనల్లోనే మిగిలినందువల్ల 'దౌ' అనేది నేటి చెవికి గౌరవవాచకంలా వినిపిస్తుంది, అంటే అర్థం పూర్తిగా తలకిందులైంది. ఆధునిక ఇంగ్లీషులో దీనికి సమానమైన సర్వనామం లేదు కాబట్టి తిరగరాసేవారు అవమానాన్ని వేరే దారిలో తేవాలి. బిరుదు లేకుండా పేరు పెట్టి పిలవడం, 'సన్' అనో 'పాల్' అనో చిన్నబుచ్చే పిలుపు వాడటం అలాంటివి. మాట మారుతుంది, అవమానించే చర్య మారదు. 'మచ్ అడూ'లో బియాట్రిస్, బెనెడిక్‌లు ప్రేమను ఒప్పుకునే వేళ సంబోధన బహువచనం నుంచి ఏకవచనంలోకి జారడం మరీ నాజూకైన విషయం. దాన్ని అందించడానికి వాక్యం నిడివి తగ్గించడం, స్వరం దించడం తప్ప రచయితకు వేరే మార్గం కనిపించదు.

ఈ చిక్కుల గురించి రంగస్థలం చాలా ముందే ఆలోచించింది. 1660లో నాటకశాలలు మళ్లీ తెరుచుకున్నాక విలియం డేవనెంట్ 'మెజర్ ఫర్ మెజర్'లోకి బియాట్రిస్, బెనెడిక్‌లను తెచ్చి కలిపి 1662లో 'ది లా ఎగైనెస్ట్ లవర్స్' ఆడించాడు. 1765లో షేక్‌స్పియర్ రచనలకు రాసిన పీఠికలో శామ్యూల్ జాన్సన్, శ్లేష కనబడితే ఈయన మరేదీ లెక్కచెయ్యడని తప్పుపట్టారు. అంటే నేడు మనం కాపాడుకోవాలని చూస్తున్న భాగాన్నే ఆ శతాబ్దపు రుచి దోషంగా చూసింది. 1807లో ఛార్లెస్, మేరీ లాంబ్‌లు నాటకాలను పిల్లల కోసం కథలుగా మార్చారు. హాస్య నాటకాల కథలు రాసిన మేరీ వాటిలోంచి విదూషకులను దాదాపు తీసేయడంతో కథ మిగిలి హాస్యం పోయింది. అదే ఏడాది హెన్రియెటా బౌడ్లర్, తర్వాత 1818లో ఆమె సోదరుడు థామస్ కుటుంబ పఠనానికని శుద్ధి చేసిన ప్రతుల్లో బూతుతోపాటు బూతు మీద ఆధారపడిన నవ్వంతా మాయమైంది. ఇరవయ్యో శతాబ్దంలో ఆలోచన మారింది. 1965లో లండన్ నేషనల్ థియేటర్ కోసం ఫ్రాంకో జెఫిరెల్లి 'మచ్ అడూ'ను వేదికకెక్కించినప్పుడు, మ్యాగీ స్మిత్ బియాట్రిస్‌గా నటించిన ఆ ప్రదర్శనకు కవి రాబర్ట్ గ్రేవ్స్ కాలం చెల్లిన మాటలు, ఛలోక్తులు ఏరి వాటి స్థానంలో కొత్తవి పెట్టారు. చరిత్రకారుడు ఎ.ఎల్. రౌజ్ 1984లో మొదలుపెట్టిన 'ది కాంటెంపరరీ షేక్‌స్పియర్' మాలికలో పాత సర్వనామాలు, క్రియారూపాలు, మరుగుపడ్డ మాటలు మాత్రం మార్చారు. గ్రేవ్స్ చేసినదే రౌజ్ చేసినదానికంటే మెరుగని నా అభిప్రాయం. రౌజ్ వాక్యాన్ని బాగుచేశారు, ఛలోక్తిని అలాగే వదిలేశారు. గ్రేవ్స్ పని నటుడి నోటికీ ప్రేక్షకుడి చెవికీ మధ్య జరిగింది.

నేడు ఎక్కువమంది చదువుతున్నది స్పార్క్‌నోట్స్ సంస్థ 2003 నుంచి తెచ్చిన 'నో ఫియర్ షేక్‌స్పియర్' మాలిక. ఎడమ పేజీలో మూలం, కుడి పేజీలో వాడుక ఇంగ్లీషు. మన డిగ్రీ, పీజీ తరగతుల్లో ఇంగ్లీషు సాహిత్యం చదివేవారికి కూడా ఇది సుపరిచితం. పరీక్షకు, తొలి పఠనానికి దాని ఉపయోగాన్ని ఎవరూ కాదనలేరు. హాస్యం విషయంలో మాత్రం ఈ పద్ధతిలోనే లోపం ఉంది. శ్లేషలో రెండు అర్థాలు ఒకే మాటలో, ఒకే క్షణంలో తగలాలి. వాడుక వచనం ఒక అర్థాన్ని ఎంచుకుని రెండోదాన్ని వదిలేయాలి, లేదా రెండింటినీ ఒకదాని తర్వాత ఒకటి విప్పి చెప్పాలి. విప్పి చెబితే వాక్యం పొడుగవుతుంది, ఎదుటి పాత్ర విసరవలసిన జవాబు ఆలస్యమవుతుంది. బియాట్రిస్, బెనెడిక్‌ల వాగ్యుద్ధంలో ఒకరి చివరి మాటనే ఇంకొకరు తిప్పికొడతారు. ఆ చివరి మాట వాక్యం మధ్యకు జారిపోతే తిప్పికొట్టడానికి పట్టు దొరకదు. ఆ పుస్తకాల కుడి పేజీని వేదిక మీద చదివి చూస్తే ఇద్దరు మనుషులు తమ అభిప్రాయభేదాలను తెలియజేసుకుంటున్నట్టు ఉంటుంది తప్ప పోట్లాడుకుంటున్నట్టు ఉండదు.

2015లో అమెరికాలోని ఆష్లండ్‌లో ఉన్న ఓరెగన్ షేక్‌స్పియర్ ఫెస్టివల్ ప్రకటించిన 'ప్లే ఆన్' పథకం ఈ చరిత్రలో అతి పెద్ద ప్రయత్నం. ల్యూ డౌథిట్ నేతృత్వంలో, హిట్జ్ ఫౌండేషన్ ఆర్థిక సాయంతో 36 మంది నాటక రచయితలకు 39 నాటకాలు అప్పగించారు. వారిలో సగానికి పైగా స్త్రీలు, సగానికి పైగా శ్వేతేతరులు. 'మచ్ అడూ'ను మోలియేర్ హాస్య నాటకాల ఇంగ్లీషు అనువాదాలతో పేరుపొందిన రంజిత్ బోల్ట్, 'ట్వెల్త్ నైట్'ను ఆలిసన్ కేరీ తీసుకున్నారు. నియమాలు కఠినమైనవి: అర్థమవుతున్నదాన్ని ముట్టుకోకూడదు, పంక్తి వెంట పంక్తి నడవాలి, కాలం, స్థలం మార్చకూడదు, మూలంలో ఛందస్సు, ప్రాస, అలంకారం ఎంత బరువు మోస్తున్నాయో కొత్త ప్రతిలోనూ అంతే మొయ్యాలి. హాస్య నాటకానికి ఇందులో రెండు మేళ్లు జరిగాయి. పంక్తి నిడివి కట్టుబడి ఉండటం వల్ల ఛలోక్తి వివరణగా సాగిపోవడానికి చోటు లేదు. పైగా పని చేసింది పండితులు కాదు, నటుడికి ఊపిరి ఎక్కడ ఆగాలో తెలిసిన నాటక రచయితలు. స్థలకాలాలు మార్చకూడదన్న నియమం మాత్రం పాత లోకజ్ఞానం మీద ఆధారపడిన ఛలోక్తుల దగ్గర చెయ్యి కట్టేస్తుంది. కొమ్ముల ఛలోక్తిని, పొడి చెయ్యి ఛలోక్తిని మాట మార్చి బతికించలేం. వాటి చోట అదే మనిషి అదే మనిషిని అదే విషయంలో దెబ్బకొట్టే వేరే ఛలోక్తి కావాలి. నియమాన్ని అక్షరాలా పాటిస్తే ఆ నాలుగు పంక్తులూ స్పష్టంగా అర్థమవుతాయి, ఎవరూ నవ్వరు.

ఎక్కడ చెయ్యి పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదన్నది తేల్చుకోవడానికి 'మచ్ అడూ'లోని గస్తీ అధికారి డాగ్‌బెరీని మించిన ఉదాహరణ లేదు. ఈ పాత్రను తమ బృందంలోని పేరుమోసిన హాస్యనటుడు విల్ కెంప్ కోసమే షేక్‌స్పియర్ రాశారు. 1600లో అచ్చయిన ప్రతిలో కొన్నిచోట్ల డాగ్‌బెరీ అని ఉండవలసిన చోట కెంప్ పేరే పొరపాటున అచ్చయి ఉంది. పెద్ద మాటలు వాడబోయి తప్పు మాట వాడటం ఇతని అలవాటు. సరైన మాట శ్రోతకు తడితేనే తప్పు మాట నవ్విస్తుంది. నిందితులను 'అప్రెహెండ్' చేశామనబోయి 'కాంప్రెహెండ్' చేశామంటాడు, గౌరవాన్ని 'రెస్పెక్ట్' అనబోయి 'సస్పెక్ట్' అంటాడు. ఈ జంటలు రెండూ నేటి ఇంగ్లీషులో బతికే ఉన్నాయి కాబట్టి వాటిని ముట్టుకోవడం నేరమే. చేతులు కట్టెయ్యండి అనే అర్థంలో 'పినియన్డ్' అనబోయి 'ఒపీనియన్డ్' అనే చోట మాత్రం మొదటి మాట వాడుకలోంచి దాదాపు పోయింది. శ్రోతకు తప్పు వినిపిస్తుంది, ఒప్పు తట్టదు. కాబట్టి అక్కడ పోలీసుల నోట నేడు వినిపించే ఏదో ఒక మాట తెచ్చి కొత్తగా తప్పు పలికించాలి. మొత్తం పాత్రలో ఇలా మార్చవలసినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఇక తనను గాడిద అన్నారన్న అవమానాన్ని డాగ్‌బెరీ రాతపూర్వకంగా నమోదు చెయ్యమని పట్టుబట్టి తనే తనను గాడిదగా ప్రకటించుకునే సన్నివేశంలో ఒక్క మాటైనా కదపనక్కర్లేదు.

ఈ పనిని గట్టిగా వ్యతిరేకించినవారిలో కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు జేమ్స్ షాపిరో ముఖ్యుడు. భాష కష్టం కాదని, తాము పలికేది తమకే అర్థంకాని నటులు, దర్శకులు దాన్ని కష్టం చేస్తున్నారని 2015లో 'ప్లే ఆన్' ప్రకటన వెలువడిన వెంటనే న్యూయార్క్ టైమ్స్‌లో రాశారు. ఇందులో చాలా నిజముంది. అర్థం తెలిసి పలికే నటి నోట సగం చిక్కులు వాటంతటవే విడిపోతాయి. మిగిలిన సగం దగ్గర ఏం జరుగుతుందో చూడాలి. మాల్వోలియో ఉత్తరంలోని చేతిరాతను చూసి ఒక్కో అక్షరం పలుకుతాడు. ఆ అక్షరాలు కలిపితే స్త్రీ మర్మావయవానికి మోటు పేరు వస్తుంది, ఎవరైనా అందుకోలేదేమోనని సర్ ఆండ్రూ చేత షేక్‌స్పియర్ ఆ అక్షరాలు మళ్లీ అడిగిస్తారు. నేటి నటులు దీన్ని సాగదీసి పలికి పండించగలుగుతున్నారు. అది నటన సాధించిన విజయమే. కానీ కొమ్ముల ఛలోక్తికో జింక పేర్ల ఛలోక్తికో వచ్చేసరికి అదే నటుడు నడుము ఊపో, చేత్తో సైగ చేసో నవ్వు తెప్పిస్తాడు. ప్రేక్షకులు నవ్వింది సైగకు, మాటకు కాదు. అదీ కుదరకపోతే దర్శకుడు ఆ పంక్తులు కోసేస్తాడు. వేదిక మీద పూర్తి ప్రతి ఆడటం చాలా అరుదు, కోతపడేవాటిలో ముందుండేవి ఈ చచ్చిన ఛలోక్తులే. అంటే రంగస్థలం మీద అసలు పోటీ మూలానికీ ఆధునిక రూపానికీ మధ్య లేదు. ఒక ఛలోక్తిని తిరగరాయడానికీ దాన్ని పూర్తిగా తీసెయ్యడానికీ మధ్య ఉంది. అచ్చు ప్రతుల మాటకొస్తే, ఈనాడు పాఠకులు చదివే దాదాపు ప్రతి పుస్తకంలోనూ వర్ణక్రమం, విరామచిహ్నాలు సంపాదకులు ఆధునికం చేసినవే.

కవిత్వం పోతుందన్నది రెండో అభ్యంతరం. హాస్య నాటకాల్లో ఎంత భాగం వచనమో చూస్తే దీని బలం కొంత తగ్గుతుంది. 'ది మెర్రీ వైవ్స్ ఆఫ్ విండ్సర్' పదింట తొమ్మిది వంతులకు దగ్గరగా వచనమే. 'మచ్ అడూ'లో నూటికి సుమారు డెబ్బై, 'ట్వెల్త్ నైట్'లో సగానికి మించి వచనం. హామ్లెట్ స్వగతాల గురించి చేసే వాదనను యథాతథంగా ఇక్కడికి తేవడం సరికాదు. అయితే ఆ వచనానికీ తనదైన లయ ఉంది, జంట పదాలు, తూచిన వాక్యాలు, మూడు మెట్లుగా పెరిగే దూషణ ఉన్నాయి. వాడుక మాటల పేరుతో దాన్ని పలచన చేస్తే నష్టం పద్యం పోయినంతే. 'లవ్స్ లేబర్స్ లాస్ట్', 'మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్' వంటి పద్య ప్రధాన నాటకాల్లో ప్రాసే హాస్యానికి ఇరుసు, అక్కడ ఈ అభ్యంతరానికి నేనూ తలవంచుతాను. బాటమ్ బృందం ఆడే పిరమస్, థిస్బీ నాటకంలో ప్రాస కోసం అర్థాన్ని బలిపెట్టిన చెడ్డ పద్యమే నవ్వుకు మూలం. దాన్ని సరళం చేసినా, మెరుగుపరచినా చెడిపోతుంది, అది అంతే చెడ్డగా ఉండాలి.

ఆధునిక రూపం వస్తే మూలాన్ని ఇక ఎవరూ చూడరన్న భయం మూడోది. ఇంగ్లీషేతర భాషల అనుభవం ఇందుకు విరుద్ధంగా ఉంది. 1797 నుంచి ఆగస్ట్ విల్‌హెల్మ్ ష్లెగెల్ చేసిన అనువాదాలతో జర్మన్లు షేక్‌స్పియర్‌ను తమవాడిగా చేసుకున్నారు, తర్వాత కూడా తరతరానికీ కొత్త అనువాదాలు చేసుకుంటూనే వచ్చారు, ష్లెగెల్‌ను చదవడం మానలేదు. తెలుగులో కందుకూరి వీరేశలింగం 'కామెడీ ఆఫ్ ఎర్రర్స్'ను 'చమత్కార రత్నావళి'గా మలిచినప్పుడు పేర్లూ వాతావరణమూ మనవి చేశారు. శీర్షికలోని చమత్కారం అనే మాట ఆయన దృష్టి ఎక్కడుందో చెబుతుంది. 2012లో లండన్ గ్లోబ్ 37 నాటకాలను 37 భాషల్లో ఆడించిన ఉత్సవంలో ముంబై బృందం అతుల్ కుమార్ దర్శకత్వంలో 'ట్వెల్త్ నైట్'ను 'పియా బెహ్రూపియా' పేరుతో హిందీలో పాటలతో ఆడింది. షేక్‌స్పియర్ నాటకాల్లో అత్యధికంగా శబ్దం మీద ఆధారపడిన 'లవ్స్ లేబర్స్ లాస్ట్' ఆ ఉత్సవంలో బ్రిటిష్ సంజ్ఞా భాషలో వచ్చింది. శబ్దమే లేని భాషలో శ్లేషను ఒకే చేతి ముద్రకు రెండు అర్థాలు వచ్చేలా తిరిగి సృష్టించుకోవాలి. మూలపు మాట ఒక్కటీ మిగలకపోయినా మాటలతో ఆడుకునే పని మిగిలింది. ఇతర భాషల శ్రోతకు దక్కుతున్న ఈ సౌకర్యం ఇంగ్లీషు శ్రోతకు మాత్రమే ఎందుకు నిషిద్ధమో వ్యతిరేకులు తృప్తికరంగా చెప్పలేకపోయారు.

సంభాషణలన్నీ కొత్తగా రాసుకున్న రూపాలను కొందరు ఈ చర్చలో చేర్చరు గానీ, అవి నేర్పేది తక్కువ కాదు. 1999 నాటి 'టెన్ థింగ్స్ ఐ హేట్ అబౌట్ యూ', 2006 నాటి 'షీ ఈజ్ ది మ్యాన్' చిత్రాలు 'ది టేమింగ్ ఆఫ్ ది ష్రూ', 'ట్వెల్త్ నైట్' కథలను అమెరికన్ పాఠశాలలకు తరలించాయి. 2005లో బీబీసీ తీసిన 'షేక్‌స్పియర్ రీటోల్డ్' వరుసలో డేవిడ్ నికల్స్ బియాట్రిస్, బెనెడిక్‌లను ఒకే వార్తా కార్యక్రమంలో పక్కపక్కన కూర్చోవలసిన యాంకర్లను చేశారు. కెమెరా ముందు చిరునవ్వు, కెమెరా ఆగగానే కత్తులు. నలుగురిలో మర్యాద పాటిస్తూనే ఒకరినొకరు కుళ్లబొడవాల్సిన ఆ పరిస్థితి మూల నాటకంలోని లియొనాటో ఇంటి మర్యాదలకు చాలా దగ్గరగా ఉంది. మూలంలోని సంభాషణలు దాదాపు లేకుండానే ఇద్దరిలో పైచేయి ఎప్పుడు ఎవరిదో అందులో తెలుస్తుంది. పంక్తి పంక్తినీ పట్టుకు వేలాడే వాడుక వచనంలో కనిపించనిది ఇక్కడ కనిపిస్తుంది. ఇలాంటి రూపాలు త్వరగా పాతబడతాయి, ముఖ్యంగా యువతరపు యాసను ఎక్కువగా వాడినవి. అది వాటిని మానెయ్యడానికి కారణం కాదు, మళ్లీ రాసుకోవలసిన పని అని ముందే ఒప్పుకోవడానికి కారణం.

ఆధునిక ఇంగ్లీషు తెచ్చిపెట్టే అసలైన ఇబ్బంది మరొకటి. పాత మాటల మసకలో దాక్కున్న క్రూరత్వం ఆ మసక తొలగగానే బయటపడుతుంది. 'ది టేమింగ్ ఆఫ్ ది ష్రూ'లో కేథరీన్‌ను లొంగదీయడానికి పెట్రూకియో ఆమెకు తిండీ నిద్రా లేకుండా చెయ్యడం, డ్రోమియో వంటమనిషి శరీరాన్ని చీల్చిచెండాడటం, బెనెడిక్, క్లాడియోల నోట యూదుల గురించి, నల్లజాతివారి గురించి అలవోకగా దొర్లే పోలికలు అలాంటివి. వీటిని నొప్పి తగలకుండా దిద్దాలన్న ఒత్తిడి తిరగరాసేవారి మీద ఉంటుంది. దిద్దితే బౌడ్లర్ చేసినదే వేరే విలువల పేరుతో మళ్లీ చేసినట్టవుతుంది. ఆ మాట ఎవరిని చిన్నబుచ్చుతోందో దాచకుండా, నవ్వు ఎటు తిరగాలన్నది సన్నివేశం ద్వారా తేల్చడం ఇంకో దారి. 'మచ్ అడూ'లో పెళ్లికూతురు హీరో స్థానంలో ఎవరిని తెచ్చినా పెళ్లాడతానని క్లాడియో మాట ఇచ్చే చోట, వధువు నల్లజాతి స్త్రీ అయినా సరేననే అర్థం వచ్చే మాట ఒకటుంది. కెనెత్ బ్రానా 1993 చిత్రంలో దాన్ని తీసేశారు. జాస్ వీడన్ 2012 చిత్రంలో మూలంలోని మాటనే ఉంచి, ఆ క్షణంలో క్లాడియోకు దగ్గరగా ఒక నల్లజాతి స్త్రీని నిలబెట్టారు. మాట మారలేదు, నవ్వు మాత్రం ఆమె నుంచి తప్పుకుని క్లాడియో మీద పడింది.